జపాను పెద్దమనిషికి మారు వడ్డన

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఆనక నన్ను అనుకుని లాభం లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పుడు మా పెరట్లో పిల్లి మూడు పిల్లల్ని పెడితే పదమూడని వీధి చివరిదాకా చెప్పి వచ్చానని, సాయంత్రానికి ఊరు ఊరంతా చూడటానికి వచ్చి మా గుమ్మంలో నిలబడిందని మా అమ్మ చెప్పేది. ఊరంటే ఇద్దరు. అప్పటినుంచి మా ఇంటివాళ్ళు నేను చెప్పినదాంట్లో సగం కొట్టేసి, మిగిలిన సగానికి సాక్ష్యం అడిగి, ఆపైన మా ఆవిడ ముఖంలోకి చూసి నమ్మాలో లేదో తేల్చుకుంటూ వస్తున్నారు. మీరూ అలాగే చదువుకోండి, నేనేమీ అనుకోను.

మొన్న ఆదివారం పొద్దున్న, ఇక్కడ అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి ముందు కొండలా పేరుకున్న మంచుని, అంటే చీలమండల దాకా వచ్చిన మంచుని, పారతో ఎత్తిపోస్తూ ఉండగా యూనివర్సిటీలో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసింది.

"డాడీ, నాకు ఒక పేపర్ డ్యూ ఉంది. జాపనీస్ పీపుల్ హిస్టరీ, ఎర్లీ టైమ్స్ నుంచి టుడే వరకు. అమ్మ చెప్పింది నువ్వు దాంట్లో ఎక్స్‌పర్ట్ అని. ఈజ్ దట్ రియల్, ఆర్ ఈజ్ దట్ వన్ ఆఫ్ యువర్ థింగ్స్?"

పారని మంచులో గుచ్చేశాను. వెళ్ళి గరాజు మెట్టు మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్ళకి పైగా గడిచినా ఆ నాలుగు మాటలు ఒకచోట వినగానే, జపాను, చరిత్ర, మొదటినుంచి, నేటిదాకా, ఆనాటి గుబులు ఆనాటి లాగే లేచింది. పాపం ఆ పిల్లకి తెలియదు, తను ఈ దేశంలో పుడుతుందా, పెట్టెలు సర్దుకుని మధ్యలో ఏ విమానంలోనో పుడుతుందా అన్నది ఒకప్పుడు ఆ చరిత్ర మీదే వేలాడిందని.

మా తరం వాళ్ళకి ఆ రోజులు వివరించి చెప్పక్కర్లేదు. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళినవాడు మధ్యాహ్నానికి అట్టపెట్టె పట్టుకుని పార్కింగ్ లాట్‌లో నిలబడే రోజులు అవి. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోయేది, ఉద్యోగం పోతే వీసా పోయేది, వీసా పోతే మనం పోవడమే. తెలుగువాళ్ళు ఇద్దరు ఎక్కడ కలిసినా, గుళ్ళో గానీ కొట్లో గానీ, బాగున్నారా అని కాదు, ఇంకా ఉన్నారా అని పలకరించుకునేవారు. నేను కారు సీట్ల కింద ఉండే పట్టాలకి డిజైన్లు గీసే కంపెనీలో పనిచేసేవాణ్ణి. సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద రెండు ఇనప పట్టాలుంటాయి చూశారా, అవి. అమెరికా మొత్తం నా పట్టాల మీదే ముందుకీ వెనక్కీ జరుగుతోందని ఇంటికి ఉత్తరాలు రాసేవాణ్ణి గానీ, నా వంతు నిజానికి ఎడమ పట్టాలో ఒక కొక్కెం.

ఆ పట్టాలు కొనేవాళ్ళు జపాను కంపెనీ వాళ్ళు. ఆ యేడు అక్కడినుంచి ఒక పెద్దమనిషి, అరవై దాటిన ఇంజనీరు, మా పని ఎలా ఉందో చూసి, దాన్ని మా జట్టు దగ్గరే ఉంచాలో ఇంకెక్కడికైనా మార్చాలో తేల్చడానికి వచ్చాడు. సన్నగా, పొట్టిగా, బూడిదరంగు సూటులో, ఎవరేం చెప్పినా తల ఊపుతూ, చిన్న పుస్తకంలో చీమ తలకాయలంత అక్షరాలు రాసుకుంటూ రెండు వారాలు మా మధ్య తిరిగాడు. ఆయన ఏం రాసుకుంటున్నాడో తెలియక మేం సగం అయ్యాం. మా అమెరికను మేనేజరు వాళ్ళ నాన్న ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి జపాను కార్లని జీవితాంతం తిట్టిన మనిషి, ఈయన మాత్రం బాత్రూము అద్దం ముందు నిలబడి నడుం వంచడం ప్రాక్టీసు చేస్తుండగా నేను రెండుసార్లు పట్టుకున్నాను.

రెండో వారం సోమవారం లంచ్ దగ్గర జపానాయన, హోటల్లో రొట్టెముక్కలు తిని తిని విసుగొచ్చిందని, అన్నం మీదికి మనసు పోతోందని మెల్లిగా అన్నాడు. నోరు మూసుకుని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మేమూ అన్నమే తింటాం, శనివారం మా ఇంటికి రండి అన్నాను. అక్కడితో ఆగానా? జపాను ప్రజల చరిత్ర, ఆదికాలం నుంచి ఈనాటిదాకా, కాలేజీలో ప్రత్యేకంగా చదువుకున్నానని కూడా అనేశాను. నేను చదువుకున్నది పదో తరగతి సోషల్ పుస్తకంలో అరపేజీ. ఆ అరపేజీలో విసనకర్ర పట్టుకున్న ఆడమనిషి బొమ్మకి మీసాలు పెట్టినందుకు వీపు మీద పడిన దెబ్బలు తప్ప అందులో నాకేదీ గుర్తులేదు. మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఆయన నా మాటని నాకన్నా పెద్దది చేసి, మా దగ్గర మీ దేశ చరిత్రకారుడే ఉన్నాడని జపానాయనకి చెప్పాడు. ఆ పెద్దమనిషి లేచి నిలబడి నాకు వంగి నమస్కరించాడు. తర్వాత మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి, శనివారం భోజనం, పై సోమవారం ఆయన నిర్ణయం, అంతా నీ చేతుల్లోనే ఉందన్నాడు. నా చేతుల్లో అప్పటికే చెమట ఉంది.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. అప్పుడు తనకి ఏడో నెల. పురిటికని మా అత్తగారు కాకినాడనుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. అల్లుడితో ముఖాముఖీ మాట్లాడటం ఆవిడ కాలంలో లేదు. ఎదురుగా నేను కూర్చునే ఉన్నా, "మీ ఆయన్ని కాఫీ తాగుతారేమో అడగవే" అనేవారు, మా ఆవిడ నా వైపు తిరిగి అడిగేది, నేను మా ఆవిడతో చెప్పేవాణ్ణి, అది వంటింటికి చేరేది. ఆ అంచెలంచెల టపాకి మేమందరం అలవాటు పడిపోయాం.

"సరే, పెద్ద కోతలు కోశారు కదా. ఇంక కూర్చుని చదవండి," అంది మా ఆవిడ.

లైబ్రరీకి పరిగెత్తి ఒక పుస్తకం తెచ్చాను. దాని బరువు మా అమ్మాయి పుట్టినప్పటి బరువుకి మూడింతలుంటుంది. అయిదు రోజుల్లో వేల ఏళ్ళు! మొదటి రోజు బాగానే గడిచింది. పచ్చి మట్టికుండల మీద పేనిన తాడుని అద్ది గీతలు పెట్టుకుంటూ, వేటాడుకుంటూ, కాయలూ నత్తలూ ఏరుకుంటూ వేల ఏళ్ళు హాయిగా బతికిన తొలిమనుషుల మీద నాకు అసూయ పుట్టింది. వాళ్ళలో ఎవడికీ ప్రాజెక్టు రివ్యూ లేదు. ఆ తర్వాత సముద్రం దాటి కొరియా వైపునుంచి వరి విత్తనం పట్టుకుని జనం వచ్చారు. నారు పోయడం, నాట్లు వెయ్యడం, మడికి నీళ్ళు కట్టడం, ఇంక అక్కడినుంచి అంతా వరే. నేను పైకి చదువుతుంటే వంటింట్లోంచి మా అత్తగారు, "అయితే మనోళ్ళేనే" అన్నారు.

మంగళవారం తాళంచెవి కన్నం ఆకారంలో కట్టుకున్న రాజుల సమాధులూ, చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలూ, మన దగ్గర పుట్టి అన్ని దేశాలూ తిరిగి అక్కడికి చేరిన బుద్ధుడూ, ఆయనకి పోతపోసిన కంచు విగ్రహమూ. ఆ విగ్రహం అరచేతిలో మా అపార్ట్‌మెంటు మొత్తం పడుతుందని మా ఆవిడకి చెబితే, పుస్తకంలో అలా లేదని లాక్కుని చూపించింది. బుధవారం కత్తులు. కత్తులు పట్టినవాళ్ళు రాజ్యమేలి, చక్రవర్తిని పూజగదిలో దేవుడిలా కూర్చోబెట్టిన కాలం. మంగోలుల ఓడలు రెండుసార్లు దండెత్తి వస్తే రెండుసార్లూ తుఫాను లేచి ముంచేసిందట. ఆ పేరాలు చదువుతుంటే మా గుళ్ళో మొక్కుకోవడం మరిచిపోయానని గుర్తొచ్చి లేచి దండం పెట్టుకున్నాను. గురువారం వాళ్ళు తలుపులు మూసుకున్నారు. రెండువందల ఏళ్ళకి పైగా బయటివాణ్ణి రానివ్వలేదు, లోపలివాణ్ణి పోనివ్వలేదు, పోయినవాడు తిరిగొస్తే తల తీయించారు. వీసాల గురించి నాకున్న భయాలన్నీ ఆ అధ్యాయంలో ఎవరో ముందే రాసిపెట్టినట్టు అనిపించి ఆ పూట నాకు అన్నం సహించలేదు.

శుక్రవారానికి అమెరికావాళ్ళ నల్ల ఓడలు పొగ కక్కుకుంటూ వచ్చి ఆ తలుపులు తెరిపించాయి. పిలకలు కత్తిరించుకున్నారు, రైళ్ళు వేశారు, రష్యాని ఓడించారు. తర్వాత కొరియాలోనూ చైనాలోనూ వాళ్ళు చేసిన పనులు ఏడో నెల మనిషి ముందు పైకి చదవలేక మనసులో చదువుకున్నాను. ఆపైన పెద్ద యుద్ధం, ఒక్కొక్క బాంబుకి ఒక్కొక్క ఊరు, బూడిద, ఆ బూడిదలోంచి మళ్ళీ రైళ్ళూ కార్లూ. నాకు అన్నీ కలిసిపోయాయి. మూసిన తలుపులు తెరిచిందెవరని మా ఆవిడ అడిగితే మంగోలులన్నాను. తను పుస్తకం మూసి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, లోపలున్నవాళ్ళకి వినిపించేటట్టు, "మీ నాన్న మనల్ని ఇండియా పంపించేస్తున్నాడే" అంది. నవ్వుతూనే అంది గానీ, తర్వాత కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇన్ని అధ్యాయాల్లో మా అత్తగారికి తెలిసిన జపాను చరిత్ర రెండే ముక్కలు. ఒకటి, ఆవిడ పెళ్ళిలో వచ్చిన జపాను నైలాను చీర, ఎన్నేళ్ళు కట్టినా చిరగలేదట. రెండోది బాంబులు. పెద్ద యుద్ధంలో జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయన్న సంగతి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ఆ రోజు ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకి పారిపోతుంటే, మా అత్తగారి తల్లి అప్పుడు చూలాలు, రెండెడ్ల బండి కుదుపులకి నెలలు నిండకుండానే ఆ పల్లెలో ప్రసవమయింది. ఆ పుట్టినపిల్లే మా అత్తగారు. చుట్టాల్లో ఇప్పటికీ ముసలివాళ్ళు ఆవిడని బాంబులమ్మాయి అనే పిలుస్తారు. ఆ కథ ఆవిడ పాలవాడికి చెప్పారు, విమానంలో పక్కసీటువాడికి చెప్పారు, ఇక్కడ ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషను ఆఫీసరుకి చెప్పబోతే నేను మధ్యలో పడి ఆపాను. కాబట్టి శుక్రవారం సాయంత్రం మా ఆవిడ ద్వారా కబురు పెట్టాను, రేపు బాంబుల మాట మాత్రం ఎత్తవద్దని.

"నాకేం పనే తల్లీ, ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టుకుంటాను గానీ బాంబులెందుకేస్తాను," అన్నారావిడ.

శనివారం సరిగ్గా పన్నెండింటికి తలుపు చప్పుడయింది. పావుతక్కువకే ఆయన వచ్చి వీధి మలుపులో కారు ఆపుకుని గడియారం చూసుకుంటూ కూర్చోవడం కిటికీ తెర పక్కనుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఆయన అక్కడా నేనిక్కడా పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టుకున్నాం. లోపలికి వచ్చి బూట్లు విప్పి, వాటిని వెనక్కి తిప్పి వరసగా పెట్టి, పక్కనే కుప్పగా పడున్న మా నలభై జతల చెప్పుల్ని, అంటే ఆరు జతల్ని, కూడా వంగి సర్దబోతుంటే సిగ్గుతో నేను చచ్చి బతికాను. ఆయన్ని చూడగానే వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు, "ఏమే, ఇంత బక్కపల్చగా ఉన్నాడేంటే? ఆళ్ళావిడ అన్నం పెట్టదా ఈయనకి?" అన్నారు. ఆవిడ ఏమన్నారని ఆయన అడిగాడు. మీకు స్వాగతం చెబుతున్నారన్నాను.

గోదావరి వాళ్ళ వడ్డన ఎరిగున్నవాళ్ళకి ఇక్కడినుంచి నేను చెప్పక్కర్లేదు. ఒక్కసారి వడ్డించుకుని లేస్తే మా అత్తగారి లెక్కలో అది భోజనం కాదు, రుచి చూడటం. మారు వడ్డించుకోవాలి. అతిథి కంచం ఖాళీగా కనిపించడం ఆ ఇంటికి తలవంపులు. పప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, ముక్కల పులుసు, పులిహోర, గారెలు, అన్నీ అయ్యాక గడ్డపెరుగు, ఆపైన పాయసం. నేను పక్కన కూర్చుని తాడు గీతల కుండలనుంచి చరిత్ర మొదలుపెట్టాను. ఆయన తల ఊపుతూ తింటున్నాడు. మెతుకు లేకుండా, కంచం తోమినట్టు తిని, చెంచా పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, వాళ్ళ భాషలో ఏదో అని, కళ్ళు మూసుకుని తల వంచాడు. ఆ వంచిన తల మళ్ళీ పైకి లేచేసరికి కంచం నిండా పప్పూ అన్నం ఉన్నాయి. ఒక్క క్షణం అలా చూసి, మళ్ళీ చెంచా తీసుకున్నాడు. మళ్ళీ మెరిసే కంచం, మళ్ళీ నమస్కారం, తల ఎత్తేసరికి ఈసారి వంకాయ.

పదకొండుసార్లు జరిగింది ఇది. ఏడుసార్లని మా ఆవిడ అంటుంది.

మూడోసారికి కోటు విప్పాడు. నాలుగోసారికి టై వదులు చేసుకున్నాడు. నుదుటి మీద చెమట ముత్యాల్లా నిలిచింది. ఆ మనిషి ఎందుకంత పట్టుదలగా తింటున్నాడో మాకెవరికీ అర్థం కాలేదు. మా మేనమామ ఒకాయన ఉండేవాడు, పెళ్ళిళ్ళలో పందెం కట్టి గంపెడు గారెలు తినేవాడు, ఆయన కూడా మధ్యలో ఆగి లేచి నాలుగడుగులు నడిచేవాడు. ఈయన అదీ లేదు. మా అత్తగారి ముఖం మాత్రం చూడాలి! "చూశావా, ఎంత ఇష్టంగా తింటున్నాడో మారాజు. మీ ఆయన ఉన్నాడు, రెండో ముద్దకే చెయ్యి కడిగేస్తాడు." నేను చక్రవర్తుల్ని దాటి, కత్తుల్ని దాటి, మూసిన తలుపుల దగ్గరికి వచ్చేసరికి ఆయన మెల్లిగా, తను చదివింది స్ప్రింగుల గురించేనని, బడిలో చరిత్ర గంటలో ఎప్పుడూ నిద్రపోయేవాడినని, నేను చెప్పేదాకా ఇవన్నీ తనకి తెలియవని చెప్పి, నమ్రతగా తల వంచాడు. అయిదు రోజులు నేను ఏ పరీక్షకి చదివానో ఆ పరీక్ష పెట్టేవాడికే పాఠం రాదు!

మాట మార్చడానికి కాబోలు, అమ్మగారిది ఏ ఊరని మా ఆవిడని అడిగాడు. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు, చేపలు బాగా దొరుకుతాయి, సముద్రం చాలా బాగుంటుంది అని నేను గబగబా అందుకున్నాను. నా ఇంగ్లీషులో ఆ సముద్రం అన్న మాటొక్కటే మా అత్తగారికి అందినట్టుంది, గరిటె పట్టుకుని నిలబడిపోయారు.

"సముద్రం సముద్రం అంటాడేంటే మీ ఆయన? ఆళ్ళు బాంబులేసిన ఊరని చెప్పు, తెలుస్తుంది."

"అమ్మా, వద్దన్నానా!"

"ఉన్న మాటేగా. తిడుతున్నానేంటి? చెప్పు."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను బల్ల వైపు చూశాను. తనకి అబద్ధం నప్పదు, ఆ లోటు మా ఇంట్లో నేను ఎలాగూ భర్తీ చేస్తున్నాను కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. విమానాలు, బళ్ళు, పల్లె, పురుడు. జపానాయన చెంచా కింద పెట్టాడు. కోటు తొడుక్కున్నాడు. వెళ్ళిపోతున్నాడనే అనుకున్నాను, వీసా, ఉద్యోగం, పుట్టబోయే బిడ్డ, అన్నీ ఆ కోటు గుండీలు పెట్టుకోవడంలో నా కళ్ళముందు వరసగా మూతబడ్డాయి. ఆయన లేచి మా అత్తగారి ఎదుట నిలబడి నడుం దాకా వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. విమానాలు అంత దూరం వెళ్ళాయని తనకి తెలియదన్నాడు. ఆ యేడు తనూ తల్లి కడుపులోనే ఉన్నానన్నాడు.

తర్వాత కూర్చుని ఆయన చెప్పింది నా పుస్తకంలో లేని చరిత్ర. తండ్రి సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదట. మూడేళ్ళప్పుడు ఊరు కాలిపోయిందట. యుద్ధం అయిపోయాక తిండి లేక, తల్లి తన పెళ్ళినాటి పట్టుబట్టలు ఒక్కొక్కటే పల్లెలకి తీసుకెళ్ళి రైతులకిచ్చి బియ్యం తెచ్చేదట. దారిలో రైల్లో పోలీసులు సోదా చేసి బియ్యం లాక్కునేవారు కాబట్టి ఆవిడ మూటని పొట్టకి కట్టుకుని, పైన బట్ట కప్పుకుని, చూలాలిలా నడుచుకుంటూ వచ్చేదట. అది చెబుతూ మా ఆవిడ కడుపు వైపు చూసి, మర్యాద కాదని కాబోలు, చూపు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి మూట విప్పితే చాప మీద పడిన గింజల్ని పిల్లలు తడి వేలితో ఏరేవారట. ఆనాటినుంచి పెట్టిన అన్నంలో మెతుకు మిగల్చడం తన వల్ల కాదన్నాడు.

మా ఆవిడ తెలుగులో చెబుతుంటే మా అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "ఆళ్ళ నాన్న మా ఊరి మీదికి వచ్చినోడేనేమో అడగవే," అన్నారు మెల్లిగా. మా ఆవిడ జన్మలో మొదటిసారి తర్జుమా చేయలేదు. ఏమన్నారని ఆయన అడిగితే, పెరుగు వేసుకుంటారా అని అడుగుతున్నారంది. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, సంతోషంగా వేసుకుంటానన్నాడు. అన్నంలేక మాడిన బిడ్డ అని తెలిశాక మా అత్తగారి చెయ్యి ఆగుతుందా? రెండు గరిటెల అన్నం, దాని మీద పెరుగు, పక్కన మాగాయ టెంక. అది కూడా తిన్నాడు. టెంకని కూడా శుభ్రంగా చీకి కంచం అంచున పెట్టాడు. అప్పటికి గానీ నేను ఇంక చాలని మా ఆవిడకి సైగ చెయ్యలేదు. నాలుగింటికి ఆయన మెట్లు దిగుతుంటే, నడుం మీద చెయ్యి వేసుకుని, వెనక్కి వాలి, ఒక్కొక్క అడుగే వేస్తూ, అచ్చం మా ఆవిడ నడిచినట్టే నడిచాడు.

సోమవారం ఆయన రాలేదు. తొమ్మిదింటి మీటింగుకి తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు వచ్చే మనిషి, పది దాటినా కుర్చీ ఖాళీ. హోటలుకి ఫోన్ చేస్తే కడుపులో బాగాలేదని కబురు. మేనేజరు ముఖం ఎరుపులోంచి తెలుపులోకి దిగింది. అసలేం పెట్టావయ్యా ఆయనకి అని అందరి ముందూ అడిగాడు. ప్రేమ అని చెబుదామనుకుని, పప్పూ అన్నమూ అన్నాను. నల్ల ఓడలప్పటినుంచీ ఈ రెండు దేశాల మధ్యా జరిగిన అనర్థాల్లో నాదే ఆఖరిదని నాకు నిశ్చయమైపోయింది. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు ఆశ్చర్యపోయారు. అంత ఇష్టంగా తిన్న మనిషికి దిష్టి తగిలిందన్నారు. వాము, జీలకర్ర, కాస్త శొంఠి వేసి కషాయం కాచి ఫ్లాస్కులో పోసి నాకిప్పించారు.

హోటలు గది తలుపు తీసినప్పుడు ఆయన మొహం పాలిపోయి ఉంది. క్షమాపణ చెప్పడానికి నేను వంగితే, నాకన్నా కిందికి ఆయన వంగాడు, ఇంకా కిందికి నేను వంగాను. అలా ఇద్దరం తివాచీ దాకా వెళ్ళి ఉంటాం. కషాయం చేతికిచ్చాను. వాసన చూసి, గుక్క తిప్పుకోకుండా ఆఖరి చుక్కదాకా తాగి ఫ్లాస్కు తిరిగి ఇచ్చాడు. రివ్యూ మాట ఆయన ఎత్తలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. వచ్చేస్తుంటే తలుపు దగ్గర ఒక్క మాట అడిగాడు.

ఆ రోజు ఆవిడ తిన్నారా అని.

ఆవిడ అందరికీ పెట్టాక తింటారు, ఎప్పుడూ అంతే, అదేదో సూర్యోదయంలాంటి సంగతిలా చెప్పాను. ఆయన తల ఊపాడు. తన తల్లి కూడా అంతేనని, గిన్నెలో ఏమైనా మిగిలిందో లేదో తను ఒక్కసారైనా చూడలేదని అన్నాడు. ఇంటికి వచ్చి మా ఆవిడని అడిగాను. శనివారం గిన్నెలన్నీ ఖాళీ అయిపోతే, అత్తగారు మజ్జిగలో గారెముక్క ఒకటి నంజుకుని పడుకున్నారట.

మంగళవారం ఆయన వచ్చి రెండే వాక్యాలు మాట్లాడాడు. పట్టాల పని ఈ జట్టుతోనే ఉంటుంది. ఈ జట్టుకి మా జపానువాళ్ళ గురించి బాగా తెలుసు. మేనేజరు నన్ను కావలించుకున్నాడు, ఆపైన నా వీసా కాగితాలూ కదిలాయి. రెండున్నర నెలలకి మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. చాలా ఏళ్ళు జనవరి మొదటివారంలో కాకినాడ అడ్రసుకి మా అత్తగారి పేరు మీద జపాను నుంచి ఒక కార్డు వెళ్ళేది. అందులో ఏముందో చదివేవాళ్ళు అక్కడ లేరు, ఆవిడ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టుకునేవారు. తర్వాత కార్డులు ఆగిపోయాయి. ఆ మరుసటి యేడు ఆవిడా పోయారు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో ఎవరికీ ఎవరూ వడ్డించడం లేదు. వంటగది గట్టు మీద రేకు ట్రేలు వరసగా పెట్టి, కానివ్వండి అంటాం, వచ్చినవాళ్ళు కాగితం ప్లేట్లలో కావలసింది పెట్టుకుని, తిన్నంత తిని, మిగిలింది నల్లసంచీలో వేస్తారు. ఎవరికేది పడదో ముందే మెసేజిలో వస్తుంది. ఇబ్బంది లేదు, బలవంతం లేదు, ఎవరికీ కడుపునొప్పి రాదు. ఎవరింటికి వెళ్ళినా నాకు మొహమాటంతో చెయ్యి అడ్డం పెట్టే అవసరం వచ్చి ఎన్నేళ్ళయిందో. ఇంకొంచెం అని ఎవరైనా మీదికి వంగితే బాగుండునని, గరిటె నీడ కంచం మీద పడితే బాగుండునని, ఈ వయసులో అప్పుడప్పుడు అనిపిస్తుంది. మీక్కూడా అనిపిస్తుందనే అనుకుంటాను.

ఇందులో నేను కల్పించినది ఎక్కడుందో చెప్పి ముగిస్తాను. బాంబులమ్మాయి నిజం. పొట్టకి కట్టుకున్న బియ్యం నిజం. కషాయం నిజం. ఆయన ఎందుకలా తింటున్నాడో మాకెవరికీ అర్థం కాలేదని రాశాను చూశారా, అదొక్కటీ అబద్ధం. మా ఆవిడకీ అత్తగారికీ అర్థం కాని మాట నిజమే. నాకు తెలుసు. ఆ లైబ్రరీ పుస్తకంలో బుధవారం నాడే చదివాను, అక్కడ అన్నం గిన్నె పూర్తిగా ఖాళీ చేసి పెట్టడమంటే ఇంక వద్దని చెప్పడమని, ఇంకా కావలసినవాళ్ళు కాస్త మిగులుస్తారని. మా ఆవిడకి తెలుగులో ఒక్క మాట చెబితే వంటింటికి చేరిపోయేది. మా అత్తగారి ముఖం అలా వెలుగుతుంటే, ఆ వెలుగు ఆయన సంతకం మీద పడుతుందేమోనన్న ఆశతో, మధ్యలో ఆపితే ఏం చెడుతుందోనన్న భయంతో, నేను మూసిన తలుపుల గురించి మాట్లాడుతూ కూర్చున్నాను. మా ఆవిడ లెక్కే సరైనది. ఆ పెద్దమనిషి చేతులు జోడించి ఏడుసార్లు చాలన్నాడు. ఏడుసార్లూ నాకు వినిపించింది.